బిగింపు మేస్త్రి చేసిన కంప్యూటర్ బెంచీ

ఆ వీధిలో ఆయన అసలు పేరు అడిగితే నలుగురూ మొహమొహాలు చూసుకుంటారు. బిగింపు మేస్త్రి ఎక్కడుంటాడని అడిగి చూడండి, చంటిపిల్లలు సైతం చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి దుకాణం ముందు నిలబెడతారు. సోఫాలు, ఆఫీసు కుర్చీలు, పళ్ల డాక్టరు గదిలో మనిషి వెల్లకిలా పడుకుని నోరు తెరిచే కుర్చీ, జనం కూర్చుని కూర్చుని గుంటలు పడ్డ సినిమా హాలు సీట్లు, ఏదైనా సరే, ఆయన చేతిలో పడి బయటికొచ్చిందంటే ఇక అది ఊగదు, జారదు, కిర్రుమనదు. గుడ్డని లాగిపట్టి పిన్నుల గన్నుతో టకటకా కొట్టుకుంటూ పోయాడంటే ముడత కోసం భూతద్దం పెట్టి వెతికినా దొరకదు.

వదులుగా వేలాడేది ఏదైనా కంటపడితే ఆయనకు ఒంటి మీద జెర్రి పాకినట్టుంటుంది. ఆ జబ్బు దుకాణంతో ఆగితే బాగుండేది. ఇంట్లో సీసాకి ఆయన మూత పెడితే మళ్లీ ఆయనే తీయాలి. కుళాయి ఆయన కట్టేస్తే తెరవడానికి ఇంకో మనిషి కావాలి. బట్టలారేసే తీగ కాస్త వాలిందని ఒకసారి బిగించబోయి, అవతలి కొక్కేన్ని గోడ పెచ్చుతో సహా ఊడబెరికాడు. "ఈయన ఊళ్లో లేని రోజున దాహమేసినా సీసా మూత రాదు తల్లీ" అని భార్య ఇరుగుపొరుగుతో చెప్పి పకపకా నవ్వుతుంది. అందులో నవ్వాల్సిందేముందో ఆయనకు ఇప్పటికీ బోధపడలేదు.

అలాంటి మనిషికి కంప్యూటరుతో ఏం పని అంటారా? అదంతా మనవరాలి చలవ.

ఆయన కూతురు, పిల్లల కోసం తీసే బొమ్మల సినిమాల్లో బొమ్మల్ని కదిలించే పని చేసేది. కడుపుతో ఉన్నప్పుడు మానేసింది. పసిపిల్లతో ఒక్కతే అవస్థ పడుతుందని అమ్మానాన్నల దగ్గరే ఉంటోంది, ఎందుకంటే అల్లుడిది షిఫ్టుల ఉద్యోగం, మనిషి పగటిపూట కనిపిస్తే విశేషమే. ఇన్నాళ్లకి పాత కంపెనీ నుంచి కబురొచ్చింది. చిన్న బొమ్మల ముక్క ఒకటి చేసి శుక్రవారం సాయంత్రంలోగా పంపు, బాగుంటే ఇంటి నుంచే పనిస్తాం, లేకపోతే ఇంకొకళ్లని చూసుకుంటాం అన్నారు. ఆ అమ్మాయి మొహంలో ఎన్నాళ్లకో వెలుగు కనిపించింది.

కానీ కంప్యూటరు ఉన్నది ఉయ్యాల ఉన్న గదిలోనే. ఆ పాత రేకుపెట్టె ఆన్ చేస్తే చాలు, లోపలి ఫ్యాన్లు పిండిమరలా మొదలెడతాయి. ఆ వెంటనే పసిది లేచి ఇల్లు పీకి పందిరేస్తుంది. దాన్ని జోకొట్టి పడుకోబెట్టి, కంప్యూటరు ఆన్ చేస్తే మళ్లీ అదే కథ. ఒకరోజు వంటింట్లో కూతురు కళ్లొత్తుకుంటూ "నా వల్ల కాదమ్మా, కుదరదని చెప్పేస్తాను" అనడం మేస్త్రి చెవిన పడింది. ఆయన టేపు తీసుకుని నడవాలోకి వెళ్లి గోడ కొలవడం మొదలుపెట్టాడు.

"ఏం కొలుస్తున్నావు నాన్నా?"

"నీ పెట్టెకి కొత్త ఇల్లు. ఇక్కడ బెంచీ చేస్తా. లోపల అది, పైన నువ్వు. చుట్టూ స్పాంజి పెట్టి బిగించానంటే దాని నోరు మూతపడుద్ది."

"నోరు మూస్తే చచ్చిపోద్ది నాన్నా. ఇది సోఫా కాదు, దానికి గాలాడాలి."

అక్కడ తండ్రీకూతుళ్లకి పెద్ద వాదనే జరిగింది. స్పాంజి కొంచెం తగ్గింది, బెంచీ రెండు కొసల్లో జాలీలు వచ్చాయి. వేడి ఒకచోటే పోగుపడకుండా, కరెంటు ఇచ్చే డబ్బా ప్లగ్గు పక్కన కుడి కొసలోనూ, అసలు బోర్డు ఎడమ కొసలోనూ పెట్టాలని తేలింది. ఆన్ చేసే బటన్ మాత్రం బెంచీ అంచు కింద, కుడివైపు, కూర్చున్నదానికి చేతికందేలా ఉండాలి. వారం మధ్యకల్లా చెక్కపని అయిపోయింది. నున్నటి బెంచీ, బూడిదరంగు గుడ్డ. మేస్త్రి దాని మీద కూర్చుని ఊగి చూశాడు. ఊగలేదు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. వైర్లు అందవు. చిన్న రేకుపెట్టె కోసం చేసిన వైర్లవి, మూరెడు దూరం పోవడానికే ఆపసోపాలు పడతాయి, బెంచీ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎక్కడొస్తాయి? కరెంటు డబ్బా నుంచి బోర్డుకి పోయే లావుపాటి వైర్ల గుత్తికి దుకాణంలో రెడీమేడ్‌గా పొడిగింపు దొరికింది. బటన్‌వి, ఆన్ అయిందని చూపే చిన్న దీపానివి, ఫ్యాన్లవి మాత్రం కోసి, మధ్యలో కొత్త ముక్కలు అతికించాల్సిందే. మేస్త్రికి గుడ్డ అతకడం వచ్చు, చెక్క అతకడం వచ్చు, వైరు అతకడం రాదు.

అదృష్టమో ఏమో గానీ, సరిగ్గా ఆ వారమే వియ్యంకుడు మనవరాల్ని చూడ్డానికి వచ్చి ఉన్నాడు. ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. జీవితమంతా స్తంభాలెక్కి బొటనవేలంత లావు తీగలు కలిపాడు.

ఇక్కడ వియ్యంకులిద్దరి సంగతీ చెప్పుకోవాలి. పెళ్లయినప్పటి నుంచి ఆ ఇద్దరి మధ్య ఒక్క మాట తేడా రాలేదు. రాదు కూడా, ఎందుకంటే ఇద్దరిలో ఎవరూ మనసులో మాట పైకి అనరు. "మీరు ముందు తీసుకోండి బావగారూ", "అబ్బే, మీ తర్వాతే బావగారూ" అనుకుంటూ టీ చల్లారబెట్టుకుంటారు. ఇద్దరికీ అక్కర్లేని టీవీ కార్యక్రమాన్ని, అవతలాయనకి ఇష్టమేమోనని చివరిదాకా చూస్తారు. వియ్యంకుడు దిగిన రోజున, పాపం ఉక్కగా ఉందేమోనని మేస్త్రి ముందుగదిలో ఫ్యాను ఫుల్లుగా పెట్టాడు. అది ఆ రోజు నుంచీ అలా తిరుగుతూనే ఉంది.

"అయ్యో, అదెంత పని బావగారూ, నేను కలిపిపెడతాగా" అన్నాడు లైన్‌మన్. అన్నాడు గానీ, ఆ వైర్లు చేతిలోకి తీసుకునేసరికి ఆయన మొహం చూడాలి. తలవెంట్రుకలకి రంగు వేసినట్టున్నాయవి. కళ్లజోడు ముక్కు మీదకి జార్చి, నాలుక కొస బయటపెట్టి, నానా తంటాలూ పడ్డాడు.

"పంపేశాక, శనివారం చేయండి నాన్నా" అని కూతురు అంటూనే ఉంది. కానీ గురువారం నాటికి పసిదానికి జలుబు చేసింది, ఆకు కదిలినా లేస్తోంది. బొమ్మలన్నీ గీయడం అయిపోయింది, వాటిని కలిపి సినిమాగా చేసే ఆఖరి పని మిగిలింది. అది కంప్యూటరు తనంతట తాను చేసుకోవాలి, అదీ ఒక పూట పడుతుంది, ఆ పూటంతా పిండిమర తిరగాలి. "పొద్దున్నే విప్పుతాం, నువ్వు పిల్లకి స్నానం చేయించేలోగా బిగించేస్తాం" అని తండ్రి హామీ ఇచ్చాడు. గతిలేక ఒప్పుకుంది.

శుక్రవారం పొద్దున నడవాలో చాప పరిచి ఇద్దరూ కూర్చున్నారు. వైరు కొసలు ఒలిచి, పురి తిప్పి, టంకం పెట్టి, దాని మీద సన్నటి ప్లాస్టిక్ గొట్టం జరిపి వేడి చేయాలి. వేడి తగలగానే ఆ గొట్టం ముడుచుకుని అతుకుని పట్టుకుంటుంది. కిటుకేమిటంటే, గొట్టాన్ని అతకడానికి ముందే వైరుకి ఎక్కించుకోవాలి. లైన్‌మన్‌కి జీవితమంతా టేపు చుట్టిన అలవాటు. మొదటి అతుకు ముద్దొచ్చేలా పెట్టాడు, గొట్టం మాత్రం పక్కన పీట మీద తీరిగ్గా పడుకుని ఉంది. మేస్త్రి ఆ గొట్టాన్ని ముందే చూశాడు. అనబోయాడు. అంత పెద్దమనిషికి, కరెంటు పనిలో తలపండినవాడికి, సోఫాలు కుట్టేవాణ్ణి నేను చెప్పడమేమిటని మింగేశాడు. అతుకు కోసేసి మళ్లీ పెట్టాల్సి వచ్చింది.

"ఇదిగో బావగారూ, ప్రతి వైరూ కావలసినదానికంటే జానెడు ఎక్కువ పెడుతున్నా. రేపెప్పుడైనా తెగితే మళ్లీ కలుపుకోవచ్చు" అన్నాడు లైన్‌మన్.

"తమరి ఇష్టం బావగారూ" అన్నాడు మేస్త్రి. లోపల మాత్రం, జానెడు వేలాడుద్దన్నమాట, అనుకున్నాడు.

అన్నీ కలిపి ఆన్ చేసి చూశారు. బటన్ నొక్కగానే దీపం వెలిగింది, ఫ్యాన్లు తిరిగాయి, తెర మీద బొమ్మ వచ్చింది. కూతురు చంకలో పిల్లతో పరిగెత్తుకొచ్చి "భలే మావయ్యా, భలే నాన్నా!" అంది. ఆపేశారు. ఇక లోపలివైపు గుడ్డ కొట్టి మూత దించడమే మిగిలింది. ఆమె పిల్లని పడుకోబెట్టడానికి లోపలికి వెళ్లింది.

మేస్త్రి గన్ను తీసుకుని బెంచీలోకి తలపెట్టి చూశాడు. ఆ బటన్ వైరు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఊగుతూ, మధ్యలో కిందికి జారి, బద్ధకంగా పడి ఉంది. జెర్రి పాకింది. ఎవరు చూడొచ్చారు, మూత వేస్తే కనబడదు కదా అని తనకు తాను చెప్పుకున్నాడు. ఇంకో పక్క నాలుగు పిన్నులు కొట్టాడు. మళ్లీ చూశాడు. ఉండబట్టలేదు. వైరుని లాగి చెక్కకి ఆనించి, దాని మీద ఒక పిన్ను టక్కున కొట్టాడు. ప్రాణం హాయిగా ఉంది. వెనకాల లైన్‌మన్ గొంతు సవరించుకున్నట్టు వినిపించింది.

"ఏమైనా అన్నారా బావగారూ?"

"అబ్బే, ఏం లేదు బావగారూ. గొంతులో గరగర."

గుడ్డ కొట్టారు. మూత దించారు. స్క్రూలు బిగించారు. బల్ల, తెర, కీబోర్డు అన్నీ బెంచీ ముందుకి చేరాయి. పసిది నిద్రపోయింది. కూతురు కొత్త బెంచీ మీద కూర్చుని, తండ్రికేసి చూసి నవ్వి, గోడకున్న స్విచ్చి వేసింది.

బటన్ నొక్కనే లేదు, అది లేచింది. దీపం వెలిగింది. "అబ్బ, అసలు వినబడట్లేదు నాన్నా!" అంటుండగానే దీపం ఆరిపోయింది.

బటన్ నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ నొక్కింది. ఊహూఁ. గోడ స్విచ్చి తీసి వేసింది. లేచింది, నాలుగు క్షణాలుంది, పోయింది. మళ్లీ తీసి వేసింది. అదే తంతు.

కూతురు గోడ గడియారం వంక చూసి, తల దించుకుని కీబోర్డు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది ఆయనకు. పిల్లకి సాయం చేయబోయి దాని నోటికాడి కూడు లాగేశానే అని కుమిలిపోయాడు.

"స్పాంజి ఎక్కువై ఊపిరాడక ఉంటుంది బావగారూ, తప్పు నాదే" అన్నాడు.

"ఎంత మాట బావగారూ! నా అతుకే ఎక్కడో ఊడి ఉంటుంది. ముసలి చేతులు."

"అలా అనకండి బావగారూ, మీ అతుకు ఊడడమేంటి?"

"మీ పనిలో వంక ఉంటుందా బావగారూ?"

"ఆపండి ఇద్దరూ!" అంది కూతురు. పాపం, ఎప్పుడూ గొంతు పెంచని పిల్ల. "మర్యాదలు తర్వాత చేసుకుందురు గానీ, నన్ను కాస్త ఆలోచించుకోనివ్వండి." కణతలు నొక్కుకుంటూ తనలో తాను అనుకున్నట్టు మొదలుపెట్టింది. "నొక్కకుండానే లేస్తోంది. లేచి ఆరిపోతోంది. తర్వాత ఎంత నొక్కినా పలకదు. మామూలుగా అది మొండికేస్తే బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటాం, ఆరిపోద్ది. ఇదీ అలాగే ఆరుతోంది. లోపల ఎవరో బటన్ నొక్కి పట్టుకుని వదలట్లేదన్నట్టుంది నాన్నా."

నొక్కి పట్టుకుని వదలకపోవడం! ఆ ఇంట్లో ఆ గుణం ఎవరికుందో వేరే చెప్పాలా? మేస్త్రి కళ్ల ముందు ఆ పిన్ను మెరిసింది. బటన్‌కి పోయే రెండు వైర్లనీ పొడుచుకుని దిగి, రెంటినీ కలిపేసి, బటన్ నొక్కినట్టే పట్టుకుని కూర్చుంది. వియ్యంకుడి ముందు, అదీ కరెంటు మనిషి ముందు, ఇంత తెలివితక్కువ పని చేశానని ఎలా చెప్పుకోవడం? గుడ్డ సరిచేస్తానని మూత తీసి, గుట్టుచప్పుడు కాకుండా పిన్ను పీకేస్తే? కూతురు మళ్లీ గడియారం చూసింది. ఆ చూపుతో ఆయన పరువు గిరువు అన్నీ వదిలేశాడు.

"అమ్మాయ్, వైరు వేలాడుతుంటే చూడలేక... దాని మీద పిన్ను కొట్టానే. నేనే కొట్టాను."

కూతురు ఏదో అనేలోగానే లైన్‌మన్ నెమ్మదిగా అన్నాడు. "నేను చూశానమ్మా."

"చూశారా! మరి చెప్పలేదేం మావయ్యా?"

"మీ నాన్నగారి ఇల్లు, మీ నాన్నగారి పని. నిన్నగాక మొన్న వచ్చినవాణ్ణి, అలా కొట్టకండి అని ఏ మొహం పెట్టుకుని అంటాను? పిన్ను కాళ్లు వైరుకి అటూ ఇటూ పడితే ఏం కాదులే అని సర్దిచెప్పుకున్నా."

మేస్త్రికి ఎక్కడో కట్ట తెగింది. "ఏం మనిషివయ్యా బావా నువ్వు! నేను గుడ్డిగా కొడుతుంటే గొంతు సవరించుకుంటావా? ఒరేయ్ ఆగరా అనొచ్చు కదా! చెయ్యి పట్టుకుని ఆపొచ్చు కదా! పిల్ల బతుకుతెరువయ్యా!"

వంటింట్లో గిన్నె కింద పడింది. మేస్త్రి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. వియ్యంకుణ్ణి "నువ్వు" అనడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. పెట్టె సర్దుకుని వెళ్లిపోతాడు, అంతే, అనుకుంది ఆవిడ.

లైన్‌మన్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "సరే బావా. మరి పొద్దున గొట్టం పీట మీద పడుందని నీకు తెలుసా తెలీదా? నిజం చెప్పు."

మేస్త్రి పీట వంక చూశాడు. "తెలుసు."

"తెలిసీ నా చేత రెండుసార్లు అతికించావు. కళ్లు లాగేశాయి నాకు!"

ఒకరినొకరు గుర్రుగా చూసుకున్నారు. ముందు ఎవరి మూతి వంకర పోయిందో గానీ, ఇద్దరికీ నవ్వు ఆగలేదు. పసిది లేస్తుందని నోళ్లు నొక్కుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వారు. "నవ్వులు చాలు, ముందు విప్పండి" అంది కూతురు. ఆమె గొంతులోనూ కాస్త ప్రాణం వచ్చింది.

మేస్త్రి ఎప్పుడైనా పని విప్పాల్సి వస్తే ఒక్కో పిన్నూ నాజూగ్గా లేపి తీస్తాడు. ఆ రోజు గుడ్డ కొస పట్టుకుని బర్రున చింపేశాడు. తన చేత్తో బిగించినదాన్ని తనే అలా చింపడం ఆయన జీవితంలో మొదటిసారి. లోపల ఆ పిన్ను, ఒక కాలు చెక్కలోనూ ఇంకో కాలు వైర్ల గుండా చెక్కలోనూ దిగేసి, ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది. పట్టకారుతో పీకి కిటికీలోంచి విసిరేశాడు.

పొడుచుకున్నచోట కోసి మళ్లీ అతకాలి. కోస్తే వైరు పొట్టిదైపోతుంది కదా అని మేస్త్రి టేపు అందుకున్నాడు. పొట్టిది కాలేదు. ఎందుకంటే లైన్‌మన్ వదిలిన జానెడు అక్కడే ఉంది. పొద్దున తనకి కంటగింపైన ఆ జానెడే ఇప్పుడు పిల్లని గట్టెక్కిస్తోందని మేస్త్రికి తెలిసింది. వియ్యంకుడి భుజం మీద చెయ్యేశాడు.

"గొట్టం! ముందు గొట్టం ఎక్కించు బావా!"

"ఎక్కించానయ్యా, నీ అరుపులకి చెయ్యి వణుకుతోంది, కాస్త తగ్గు!"

మూత తెరిచే ఉంచి స్విచ్చి వేశారు. ఏమీ కాలేదు. తనంతట తాను లేవలేదు. కూతురు బటన్ నొక్కింది. దీపం వెలిగింది. నలుగురూ ఆ చిన్న దీపాన్నే చూస్తూ నిలబడ్డారు. ఆరలేదు. ఇంకాసేపు చూశారు. ఆరలేదు. తెర మీద ఆమె గీసిన బొమ్మ, గొడుగు పట్టుకున్న ఏనుగుపిల్ల, ప్రత్యక్షమైంది. మేస్త్రి మూత పైపైన దించగానే కూతురు ఆ బెంచీ మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని, అప్పుడు ఏడ్చింది. "పోయిందనుకున్నా నాన్నా. అంతా పోయిందనుకున్నా." మేస్త్రి ఆమె తల నిమురుతూ తనూ కళ్లు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత ఎవరూ దాని దగ్గరికి పోలేదు. బొమ్మలన్నీ కలవడానికి మధ్యాహ్నమంతా పట్టింది. చప్పుడు లేకపోవడంతో మేస్త్రికి దిగులు, ఆగిపోయిందేమోనని మాటిమాటికీ వెళ్లి బెంచీ మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు. వెచ్చగా ఉండేది. పసిది పక్కగదిలో ఒక్కసారి కూడా లేవలేదు. ఎండ గోడ దిగకముందే కూతురు "పంపేశా, వెళ్లిపోయింది" అంటూ లేచి నిలబడింది. దీపాలు పెట్టే వేళకి జవాబు వచ్చింది. ఏనుగుపిల్ల నచ్చిందట. సోమవారం నుంచి పని మొదలుపెట్టమన్నారట. మేస్త్రి భార్య కూతుర్ని కావలించుకుని వదల్లేదు.

రాత్రి భోజనాలకి ముందు కంప్యూటరు ఆపి, మూత మళ్లీ తెరిచి, మేస్త్రి చినిగిన గుడ్డ స్థానంలో కొత్తది కొట్టాడు. వైరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. మిగిలిన వదులు అలాగే కిందికి జారి ఉంది. పక్కన లైన్‌మన్ నడుం మీద చేతులు పెట్టుకుని, "కొట్టు, చూస్తా" అన్నట్టు నిలబడ్డాడు. మేస్త్రి వైరుని వేలితో ఒకసారి ఊపి, అలాగే ఉండనిచ్చి మూత దించాడు. కూతురు మళ్లీ బటన్ నొక్కింది.

అందరూ ముందుగదిలో చేరారు. లైన్‌మన్ దుప్పటి భుజాల మీదకి లాక్కుని అన్నాడు. "బావా, ఎలాగూ మొహమాటం పోయింది కాబట్టి అడుగుతున్నా. ఆ ఫ్యాను తగ్గిస్తావా? వచ్చిన కాడి నుంచి చలికి గజగజలాడి చస్తున్నా."

"నీ కోసమే కదయ్యా తిప్పుతోంది!" అని మేస్త్రి నెత్తి కొట్టుకున్నాడు. "నాకు మోకాళ్లు పట్టేసి నాలుగు రోజులైంది!"

"నాకు తుమ్ములు" అంది మేస్త్రి భార్య.

మేస్త్రి లేచి స్విచ్చి కట్టేశాడు. రెక్కలు మెల్లగా తిరిగి తిరిగి ఆగాయి. ఇన్ని రోజుల హోరు ఆగేసరికి ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో పసిదాని ఊపిరి వినిపించింది, నడవాలోంచి బెంచీ సన్నటి గుర్రు కూడా వినిపించింది. మేస్త్రి చెవి ఒగ్గి విన్నాడు. అది ఆగలేదు.